రాయి అడిగినట్టు: జపాను తోటలూ, మన కురిక్యాల తోటా



జపాను పేరు చెప్పగానే మన పెద్దలకు ముందుగా వరి నాటు జ్ఞాపకం వస్తుంది. 1953 మొదలుకొని మన దేశంలో 'జపాను పద్ధతి వరి సాగు' అని ఊరూరా చాటినారు. ఎత్తు మడులలో నారు పోయవలెను, తాడు పట్టి వరుసలలో నాటవలెను, వరుసల నడుమ కలుపు తీయవలెను అని ఆనాటి గ్రామసేవకులు గట్ల మీద నిలబడి చెప్పేవారట. కొందరు విన్నారు, కొందరు నవ్వినారు. ఆ కథ మీకు తెలిసినదే. ఈ పూట నేను ఆ వరిమడి గట్టు దాటించి, జపాను వాని ఇంటి ముంగిలిలోకి మిమ్ములను తోలుకొని పోదలచినాను. అక్కడొక తోట ఉంటుంది. అందులో పూలు తక్కువ, తిను పండ్లు ఇంకా తక్కువ. ఉండేవి రాళ్ళు, నీళ్ళు, నాచు, నాలుగు చెట్లు.

"రాళ్ళు చూచుటకు జపాను దాకా ఎందుకయ్యా, మా చెలకలో కావలసినన్ని ఉన్నవి" అంటారు మీరు. నిజమే. నేను పనిచేయు రాయికల్ మండలంలో రాయికి కరువు లేదు. ఊరి పేరులోనే రాయి ఉన్నది. అందుకే ఈ కథ మీకు చెప్పబుద్ధి అయినది. రాయిని, నీటిని, చెట్టును ఎక్కడ ఎట్లా ఉంచవలెనన్న విద్య మనకు కొత్త గాదు. ఈ జాగలోనే వెయ్యేండ్ల క్రిందట ఒక మనిషి గుట్టను, చెరువును, తోటను ఒక్కచోట కూర్చి, ఆ సంగతి బండ మీద చెక్కించినాడు. ఆయన దగ్గరకు తరువాత వస్తాను. ముందు జపాను కథ వినండి.

జపాను వారి పాత చరిత్ర గ్రంథం ఒకటి ఉన్నది. పేరు నిహోన్ షోకి, 720లో పూర్తి అయినది. అందులో 612వ సంవత్సరం కింద ఒక చిత్రమైన సంగతి రాసినారు. ఆనాడు కొరియాలోని పెక్చే రాజ్యం నుండి ఒక మనిషి సముద్రం దాటి వచ్చినాడు. వాని ముఖం మీద, ఒంటి మీద తెల్ల మచ్చలు. అక్కడి జనం వానిని చూచి అసహ్యపడి, ఏదైనా దీవిలో విడిచి రావలెనని అనుకున్నారు. అప్పుడు వాడు అన్నాడట: మచ్చలున్న ఒళ్ళు మీకు గిట్టకపోతే ఈ దేశంలో మచ్చల ఆవులను, మచ్చల గుర్రాలను మాత్రం ఎందుకు సాకుతున్నారు? పైగా నాకొక చిన్న విద్య ఉన్నది, కొండల రూపులు కట్టగలను, నన్ను ఉంచుకుంటే మీ దేశానికే లాభం అని. మాట వారికి నచ్చినది. రాజమందిరపు దక్షిణపు ముంగిలిలో వానిచేత ఒక కొండ రూపును, ఒక వంతెనను కట్టించినారు. జపాను చరిత్రలో తోటపని చేసిన మనిషిని గూర్చిన మొదటి మాటలలో ఇది ఒకటి.

ఆ కొండ పేరు షుమిసెన్. ఇది ఎక్కడి పేరో గుర్తుపట్టినారా? సుమేరువు. మన పురాణాలలోని మేరు పర్వతమే. బుద్ధుని మాటతోపాటు చైనా, కొరియాల మీదుగా నడిచి జపాను ముంగిలిలో రాతికుప్పగా నిలబడినది. 1902లో ఆసుకా అనే పాత రాజధాని దగ్గర నేలలో ఇట్లాంటి మేరువు రాయి ఒకటి దొరికినది. ఇది పై కథలోని రాయే అని చెప్పలేము గాని ఆ శతాబ్దానిదే. ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ళు, వాటి మీద కొండల వరుసలు చెక్కి ఉన్నవి. లోపల తొలిచి, నీరు చిమ్ముటకు రంధ్రాలు పెట్టినారు. అంటే కొండను పెట్టినవాడు ఆనాడే దానిలో నీళ్ళ లెక్క కూడా చూచుకున్నాడు.

అటు తరువాత నాలుగు వందల ఏండ్లకు ఈ విద్యను గూర్చి ఒక పుస్తకం పుట్టినది. దాని పేరు సకుతెయికి, అనగా తోట కట్టు విధానం. 1028లో పుట్టి 1094లో చనిపోయిన తచిబానా నో తొషిత్సునా అను గొప్ప ఇంటి మనిషి రాసినాడని పండితుల మాట. నేను దానిని తర్జుమాలో చదివినాను. చదువుతున్నంతసేపూ ఎవరో పండితుడు చెప్తున్నట్టు లేదు. చెరువు కట్ట మీద నిలబడిన అనుభవస్థుడు, "అట్ల గాదు బిడ్డా, ఇట్ల" అంటున్నట్టే ఉన్నది.

అందులో నీటి కాలువకు వాలు ఎంత ఉండవలెనో లెక్క ఇచ్చినాడు. అడుగుకు ఇంతని మొదలుపెట్టి, మొత్తం మీద నూరు పాళ్ళ పొడుగుకు మూడు పాళ్ళ దిగుడు ఉంటే నీరు ఆగకుండా గలగల పారుతుందన్నాడు. నూరు అడుగులకు మూడు అడుగులన్న మాట. మన పంట కాలువకు అంత వాలు పెడితే మట్టి కోసుకుపోతుంది. ఆయన కాలువ రాళ్ళు పరచినది, చప్పుడు వినుటకు తీసినది, కనుక చెల్లింది. మట్టం చూచుటకు వెదురు బొంగును నిలువునా చీల్చి, వెల్లకిలా పరచి, నీరు పోసి చూడమన్నాడు. మన మేస్త్రీలు సన్నని రబ్బరు గొట్టంలో నీళ్ళు నింపి మట్టం చూచే తీరూ దీనికి చుట్టమే.

రాళ్ళను గూర్చి ఆయన చెప్పినవి ఇంకా విచిత్రం. గుట్ట పాదాన రాళ్ళు ఎట్లా ఉండవలెను? కుక్కల గుంపు పడుకున్నట్టు ఉండవలెను, పందుల మంద చెదిరి ఉరికినట్టు ఉండవలెను, లేగదూడ తల్లి పక్కన ఆడుకున్నట్టు ఉండవలెను అంటాడు. పారిపోవు రాళ్ళు ఒకటి రెండు ఉంటే వాటిని తరుము రాళ్ళు ఏడెనిమిది ఉండవలెనట. ఒరిగిన రాయి ఉంటే దానికి ఆనిక ఇచ్చు రాయి ఉండవలెనట. ఇదంతా పశువులను చూచిన కన్ను. రాయిని లోతుగా పాతమన్నాడు. నేల మీద పెట్టినట్టు గాక, నేలలోనుంచి మొలిచినట్టు కనబడవలెను.

అన్నిటి కన్న ముఖ్యం, ముందుగా ఒక పెద్దరాయిని నిలబెట్టి, తరువాతి రాళ్ళను ఆ రాయి ఏమి అడుగుతున్నదో విని దాని ప్రకారం పెట్టుమన్నాడు. అడవిలో నిలబడి ఉండిన రాయిని తెచ్చి పండబెట్టరాదు, పండి ఉండిన రాయిని తెచ్చి నిలబెట్టరాదు. అట్లా చేస్తే ఆ రాయి పగబట్టి ఇంటివారికి కీడు చేస్తుందని భయపెట్టినాడు.

మూఢనమ్మకం అని నేను మొదట నవ్వినాను. తరువాత నవ్వలేదు. ఎందుకో చెప్తాను, ఇది నా తప్పే గనుక దాచవలసిన పని లేదు.

2020లో మన రాష్ట్రమంతటా పల్లె ప్రకృతి వనాలు నాటినారు గదా. ఒక ఊరిలో ఆ పనికి సలహా చెప్పువారిలో నేనూ ఒకడిని. గుట్ట వాలున ఒర్రె పక్కన జాగ ఇచ్చినారు. ఆ జాగ నడుమ పండుకున్న దున్నపోతు అంత బండ ఒకటి ఉన్నది. వరుసలు తిన్నగా రావలెనని, ఫోటోలో చక్కగా కనబడవలెనని, జేసీబీ పిలిపించి ఆ బండను పెకలించి అవతల పడేయించినాను. మొక్కలు నాటినాము. సైన్యం నిలబడినట్టు ఉన్నవి. చూచినవారు మెచ్చుకున్నారు. వానాకాలం నడుమ ఒక రాత్రి గట్టి వాన పడినది. తెల్లవారి పోయి చూస్తే జాగ నడుమ మోకాటి లోతు గండి. అరవై మొక్కలకు పైగా ఒర్రెలో కొట్టుకుపోయినవి.

అక్కడ గొర్లు కాసుకొను ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆయన అన్న మాటలు ఇవి: "సారూ, ఆ బండ ఊకెనే కూసున్నదనుకుంటిరా? మీదికెల్లి వచ్చే వరదను అది కుంట దిక్కు మలుపుతుండె. మీరు దాన్ని లేపితిరి. వరద మీ మొక్కల మీదికొచ్చె."

"ముందుగాల చెప్పకపోతివా తాతా" అన్నాను.

"మీరు అడుగకపోతిరి" అన్నాడు.

మరుసటి ఎండాకాలం అదే యంత్రంతో ఆ బండను తిరిగి తెచ్చినాము. తెచ్చిన తరువాత, అది ముందు ఎట్లా కూర్చుండెనో మాకెవరికీ సరిగా గుర్తు రాలేదు. ముసలాయనను బతిమాలి పిలుచుకు వచ్చినాను. ఆయన చుట్టూ తిరిగి చూచి, నాచు పట్టిన పక్క ఏదో, మట్టి మరక ఎంతవరకు ఉన్నదో వేలితో చూపించి, రెండుసార్లు మలిపించి, సగం దాకా పాతించినాడు. తొషిత్సునా పుస్తకం ఆయన చదివి ఉండడు. చదివిన నాకేమో ఆ తెలివి రాలేదు.

ఇప్పుడు మన వెయ్యేండ్ల తోట దగ్గరకు పోదాము.

జగిత్యాల నుండి కరీంనగర్ పోవు బాటలో, కొండగట్టు దాటినాక గంగాధర మండలం వస్తుంది. ఆ మండలంలో కురిక్యాల ఊరు. అక్కడి గుట్టను బొమ్మలగుట్ట అంటారు. నిలువు బండ మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరీ దేవి బొమ్మ చెక్కి ఉన్నవి. అక్కడే శాసనం, సంస్కృతంలో, కన్నడంలో, తెలుగులో. తెలుగు భాగం మూడు కంద పద్యాలు. 945 ప్రాంతపుదని చరిత్రకారుల లెక్క. తెలుగుకు ప్రాచీన భాష హోదా కావలెనని అడిగినప్పుడు చూపిన సాక్ష్యాలలో ఈ బండ ఒకటి; 2008లో ఆ హోదా వచ్చినది.

చెక్కించినవాడు జినవల్లభుడు. ఆయన అన్న పంప మహాకవి. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి కొలువులో ఉండి, 941లో కన్నడంలో భారతం రచించినవాడు. రాజు మెచ్చి ఆయనకు ధర్మవురం అను అగ్రహారం ఇచ్చినాడు. మన గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురియే అది అని చాలామంది పండితుల అభిప్రాయం. రాయికల్ వారికి ధర్మపురి ఎంత దూరమో నేను చెప్పనక్కర లేదు.

ఆ శాసనంలో జినవల్లభుడు తాను చేయించిన పనులు చెప్పుకున్నాడు. గుట్ట మీద దేవతల బొమ్మలు చెక్కించినాడు. త్రిభువనతిలకమను బసది, అంటే జైనగుడి, కట్టించినాడు. కవితాగుణార్ణవమను చెరువు తవ్వించినాడు. అది అన్నగారి బిరుదు పేరు. మదనవిలాసమను తోట పెట్టించినాడు. చూచినారా, గుట్ట, చెరువు, తోట. కొండ, నీరు, చెట్టు. ఒకచోట కూర్చి, ఒక్కొక్కదానికి పేరు పెట్టినాడు. జపానులో తోట పుస్తకం రాసిన తొషిత్సునా అప్పటికి పుట్టనే లేదు; ఆయన పుట్టుటకు ఇంకా ఎనుబది ఏండ్లు ఉన్నది.

ఒక తేడా మాత్రం కనబడుతుంది. జపాను తోటలో కొండను తెచ్చి కట్టవలసి వచ్చినది. చెరువు నడుమ దీవి, దీవి మీద రాయి, అది సముద్రంలోని కొండ అని ఊహించుకొనవలసినది. అందుకే 626లో చనిపోయిన సోగా నో ఉమాకో అను మంత్రి తన ఇంట చెరువు తవ్వించి దీవి కట్టించుకుంటే జనం ఆయనను దీవి మంత్రి అని పిలిచినారు. జినవల్లభునికి ఆ బాధ లేదు. గుట్ట ముందే ఉన్నది. గుట్ట మీద పడిన వాన జారి కిందకు వస్తుంది, అడ్డంగా కట్ట పోస్తే చెరువు, చెరువు కింద తడి ఉన్న చోట తోట. మన దిక్కు గొలుసుకట్టు చెరువులన్నిటికీ ఇదే సూత్రం. కాకతీయులు పెద్ద ఎత్తున చేసినది ఇదే. వారి కన్న రెండు నూర్ల ఏండ్ల ముందే ఈ గుట్ట కింద చేసినారు.

ఆ తోటలో ఏ చెట్లు ఉండెనో శాసనం చెప్పదు. మీరు నన్ను అడిగితే మామిడి లేకుండా ఉండదంటాను, జగిత్యాల మామిడి చూచిన కండ్లు గనుక. అది నా ఊహ, చరిత్ర గాదు.

మదనవిలాసం మనకు పేరుగానే మిగిలినది. బండ మీద రాసినది వెయ్యేండ్లు నిలిచినది, నేలలో నాటినది నిలవలేదు. ఇందులో జపాను వారు ఏదో పుణ్యాత్ములని, మనము పాపాత్ములమని అనుకోకండి. వారి పాత తోటలూ ఎన్నో పోయినవి. 1467 నుండి 1477 వరకు జరిగిన ఓనిన్ యుద్ధంలో క్యోటో నగరం కాలి బూడిద అయినది. తొషిత్సునా సొంత తోట కూడా ఈనాడు లేదు. అయితే ఆ పని చేయు చేతులు ఆగలేదు. ఆ చేతులు ఎవరివో వినండి. నాకు ఈ చరిత్ర మొత్తంలో మనసుకు పట్టినది ఇదే.

జపానులో ఏటి ఒడ్డున, శిస్తు లేని ఇసుక నేలల మీద గుడిసెలు వేసుకొని బతికే జనం ఉండేవారు. చచ్చిన పశువులను ఎత్తుట, తోలు తీయుట, బావులు తవ్వుట, మట్టి మోయుట వారి పనులు. వారిని కవరమోనో అన్నారు, అంటే ఏటి ఒడ్డు వాండ్లు. ఊరివారు అంటుకొనరు, ఇంట్లోకి రానీయరు. మనకు ఈ కథ విడమరచి చెప్పవలసిన పని లేదు. పదిహేనవ శతాబ్దంలో క్యోటోలోని గొప్ప తోటలు కట్టినవారు వీరే. వీరిలో జెన్‌అమి అను ఆయన అందరికన్న పెద్ద నేర్పరి. దేశాన్ని ఏలుతున్న సేనాపతి అషికాగా యొషిమసా ఆయన చేతనే తోటలు కట్టించుకున్నాడు. జెన్‌అమికి జబ్బు చేస్తే మందులు పంపినాడని అప్పటి మఠం దినచర్య పుస్తకంలో ఉన్నది. తొంభై దాటిన ముసలితనాన 1482లో ఆయన కన్నుమూసినాడు. ఆయన మనుమడు మతాషిరో ఒక బౌద్ధ భిక్షువుతో, తాను జంతువులను చంపు ఇంట పుట్టినందుకు బాధపడుతూ, ప్రాణిని చంపరాదని, అన్యాయపు సొమ్ము ఆశించరాదని నియమం పెట్టుకున్నానని చెప్పుకున్నాడు. ఆ భిక్షువు దానిని రాసిపెట్టుకుని, ఈ మనిషి మంచితనం ముందు మా వంటివారు సిగ్గుపడవలెనన్నాడు.

క్యోటోలో ర్యోఆన్‌జి అను గుడి ఉన్నది. దాని ముంగిట తోట మన లెక్కన రెండున్నర గుంటలు. చెట్టు లేదు, చుక్క నీరు లేదు. తెల్లని గులకరాతి పొడి పరచి, దంతెతో గీసినట్టు సాళ్ళు గీసినారు, అదే నీరనుకోవలెను. అందులో పదిహేను రాళ్ళు, అయిదు గుంపులుగా. అరుగు మీద ఏ మూల కూర్చున్నా పదిహేనూ ఒక్కసారి కనబడవు, ఏదో ఒకటి మరొక దాని చాటున ఉంటుంది. లోకమంతా వచ్చి చూచి దాని అర్థమేమిటని తలలు బద్దలు కొట్టుకుంటున్నది. పులి తన పిల్లలను ఏరు దాటిస్తున్నదని ఒకరు, సముద్రంలో దీవులని మరొకరు. నేను మాత్రం ఒక రాయి వెనుక పక్కను గూర్చి చెప్తాను. అక్కడ ఉలితో చెక్కిన రెండు పేర్లు ఉన్నవి. ఒకటి కొతారో. రెండవది సగం అరిగిపోయినది. అవి ఏటి ఒడ్డు పనివారి పేర్లని పండితులు అంటారు.

కురిక్యాల బండ మీద చెరువు తవ్వించినవాని పేరు ఉన్నది, ఆయన అన్న పేరు ఉన్నది, తల్లిదండ్రుల పేర్లు ఉన్నవి. తవ్వినవాని పేరు లేదు. మన దిక్కు చెరువుకట్టలు పోసి, రాళ్ళు కొట్టి, తూములు కట్టిన ఒడ్డెర వారి పేర్లు ఏ శాసనంలో చదివినాము? తూము కాడ నిలబడి మడిమడికీ నీళ్ళు పంచిన నీరటికాని పేరు ఏ రాతి మీద ఉన్నది? నీరటికాడు ఉన్నన్నాళ్ళు చెరువు చెరువుగా ఉన్నది. బోరుబావులు వచ్చి, నీరటి పని ఎవరికీ పట్టనిదై, మత్తడి పూడి, కాలువలలో తుమ్మలు మొలచినవి. 2015లో మిషన్ కాకతీయ పేరిట పూడిక తీయవలసి వచ్చినది. పూడిక యంత్రం తీస్తుంది. ఏటేటా తూము చూచుకొను మనిషిని యంత్రం ఇయ్యదు.

ఇక కొన్ని సంగతులు గబగబా చెప్పి ముందుకు పోతాను. పదునాలుగవ శతాబ్దంలో ముసో సొసెకి అను సన్న్యాసి 1339లో సయిహోజి గుడి తోటను తిరిగి దిద్దినాడు. అది ఈనాడు నాచు తోటగా పేరుకెక్కినది, నూట ఇరవై రకాల నాచు ఉన్నదంటారు. కాని ముసో నాచు వేయలేదు! చాలా తరాల తరువాత గుడికి డబ్బులు లేక, తోటను చూచేవారు లేక, తడి నేలలో దానంతట అది పట్టినది. తరువాతివారు తీసివేయక కాపాడినారు. ఆకులు ఏరి, చీపురుతో మెల్లగా ఊడ్చి, దానినే తోటగా ఉంచినారు. జనం తొక్కిడి ఎక్కువై 1977 నుండి ముందుగా అనుమతి తెచ్చుకున్నవారినే రానిస్తున్నారు.

పదహారవ శతాబ్దంలో తేనీటి మర్యాద పెరిగి, తేనీటి గుడిసెకు పోవు బాటే ఒక తోట అయినది. అడుగు అడుగుకు పరచిన రాళ్ళు, చేతులు కడుగుకొనుటకు నేలబారున తొట్టి, రాతి దీపస్తంభం. తొట్టి కావాలని కిందకు పెట్టినారు, ఎంతటివాడైనా వంగవలెనని. ఈ మర్యాదకు పెద్ద గురువు సెన్ నో రిక్యూ 1591లో తన ఏలిక ఆజ్ఞతో ప్రాణం తీసుకున్నాడు. మన హైదరాబాదు నగరం, చార్మినారు పుట్టిన సంవత్సరమూ అదే.

మరొక పద్ధతి ఉన్నది, దానిని 'అరువు దృశ్యం' అందాము. తోట చిన్నది, కాని కంచె మీదుగా దూరపు కొండ కనబడుతుంది. కంచెను, చెట్లను ఆ కొండకు చట్రంలాగా కత్తిరించి, కొండను కూడా తోటలో కలుపుకుంటారు. క్యోటోలోని ఎన్‌త్సూజి గుడి తోట ఇట్లా హియేయి కొండను అరువు తెచ్చుకున్నది. నడుమ ఎత్తు మేడలు లేస్తే ఆ తోట చచ్చినట్టే. అందుకని క్యోటో నగరం వారు 2007లో కట్టడి పెట్టి, కొన్ని చోట్ల నుండి కొండలు కనబడు దారికి అడ్డంగా ఎత్తు మేడలు లేవరాదన్నారు. భూముల ధరలు పడిపోతాయని గోల పెట్టినవారూ ఉన్నారు.

ఇది చదువుతున్నప్పుడు కరీంనగర్ బాట నా కండ్ల ముందు మెదిలినది. చిన్ననాడు బస్సు కిటికీలోంచి చూచిన గుట్టలలో కొన్ని ఈనాడు సగమే ఉన్నవి. కోసిన జున్నుగడ్డ తీరు నిలువుగా చెక్కి, గ్రానైటు దిమ్మెలు లారీల మీద, రైళ్ళ మీద ఓడరేవుకు, అక్కడి నుండి చైనాకు పోయినవి. మన గ్రానైటుకు బయట పేరు ఉన్నది, కొందరికి పని దొరికినది, అది కాదనను. అయితే గుట్ట పోతే అరువు దృశ్యం ఒక్కటే పోదు. వరద దారి మారుతుంది. గుట్టను నమ్ముకున్న కుంట ఎండుతుంది. గుట్టలోని పందులు, కోతులు మక్క చేనుకు దిగుతవి. బొమ్మలగుట్టను క్వారీల పాలు కాకుండా చూడమని చరిత్ర అంటే ప్రేమ ఉన్నవారు ఏండ్ల తరబడి మొర పెట్టవలసి వచ్చినది. చెరువు, తోట పోయినాక మిగిలిన ఆ ఒక్క బండ కోసం.

పందుల మాట వచ్చినది గనుక, రైతులు తోటకు ఇచ్చిన కానుకల సంగతి చెప్పి ముగిస్తాను. జపాను తోటలో రాజులు, సన్న్యాసులు పెట్టినవే గాక రైతులు పెట్టినవీ ఉన్నవి. చెరువులో తిరుగు ఎర్ర, తెల్ల, పసుపు రంగు చేపలను మీరు బొమ్మలలో చూచే ఉంటారు. వాటిని పుట్టించినది ఏ రాజోద్యోగీ గాదు. నీగాటా ప్రాంతపు యమకోషి కొండలలో వరి పండించు రైతులు, మంచు కురిసే చలికాలంలో తినుటకని మడుల పైన కుంటలలో నల్లని కార్పు జాతి చేపలను పెంచేవారు. పంతొమ్మిదవ శతాబ్దం మొదట్లో వాటిలో అక్కడక్కడ రంగు మచ్చలున్న పిల్లలు పుట్టినవి. రైతులు వాటిని తినక, విత్తనం ఏరినట్టు ఏరి జత కట్టించినారు. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టగానే దేశమంతా ఎగబడినది. 2004 భూకంపంలో ఆ కొండలు విరిగిపడి ఊరు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, తల్లి చేపలను కొన్నిటిని హెలికాప్టర్లలో దాటించినారు.

రెండవది వెదురు తట్టుడు. పేరు షిషి-ఒదోషి, అంటే అడవి జంతువులను బెదిరించునది. మన చేను కాడ డబ్బా కొట్టినట్టే. చేయుట సులువు. మూరెడున్నర వెదురు బొంగు తీసుకొని ఒక కొసను కలం మొన తీరుగా ఏటవాలుగా కోయవలెను. లోపలి గణుపును ఒకటి ఉంచి, మూసి ఉన్న పక్క బరువు ఎక్కువ ఉండేటట్టు నడుమ ఇరుసు గుచ్చవలెను. తెరచిన కొస పైకి లేచి ఉంటుంది. దానిలోకి సన్నని నీటిధార పడవలెను. నిండగానే ఆ కొస బరువెక్కి కిందకు వంగి నీరు కుమ్మరిస్తుంది. ఖాళీ కాగానే వెనుక కొస దబ్బున దిగి కింద పెట్టిన రాయిని తాకి 'టక్' మంటుంది. మనిషి లేకుండా రాత్రంతా కొడుతూనే ఉంటుంది. 1641లో ఇషికావా జోజాన్ అను మాజీ యోధుడు క్యోటోలో షిసెన్‌దో అను ఇల్లు కట్టుకొని, తోటలోకి జింకలు, పందులు రాకుండా దీనిని పెట్టుకున్నాడని చెప్తారు. ఆ చప్పుడు ఆయనకు, ఆయన తరువాత వచ్చినవారికి ఎంత నచ్చినదంటే, పందుల సంగతి మరచి చప్పుడు కోసమే తోటలలో పెట్టసాగినారు.

రాయికల్ దిక్కు ఒక మక్క రైతుకు నేను ఈ కథ చెప్పినాను. ఒర్రె పక్కన ఆయన చేను, ధార పెట్టుటకు నీరు ఉన్నది. రెండు రోజులలో చేసి పెట్టినాడు. మూడు రాత్రులు పందులు రాలేదు. నాకు ఫోను చేసి సంతోషంగా చెప్పినాడు. నాలుగో రాత్రి వచ్చి, తట్టుడు పక్కనే నిలబడి మక్క కంకులు తిని పోయినవి. జాగ మార్చి మార్చి పెడితే కొన్నాళ్ళు పనిచేస్తుంది గాని ఒక్కచోటనే ఉంచితే పందికి అలవాటవుతుందని అప్పుడు ఇద్దరమూ నేర్చుకున్నాము. పంట కోసినాక ఆయన ఇంటికి పోయినాను. తట్టుడు వాకిట్లో ఉన్నది, నల్లా కింద పెట్టి, పక్కన చేను నుండి తెచ్చిన గుండ్రాయి ఒకటి పాతి, దాని చుట్టూ రెండు బంతి మొక్కలు నాటినారు. "చేనుకు పనికిరాకపాయె సారూ, మా మనుమరాలు మాత్రం దీన్ని ఇడుస్తలేదు" అన్నాడు. ఆ పిల్ల అప్పుడు కూడా అక్కడే కూర్చొని, వెదురు ఎప్పుడు నిండుతుందా అని చూస్తున్నది.